కుక్క పేరు చెప్పి పెరట్లో ప్లాస్టిక్ గడ్డి వేయించకండి

భీమవరం, తణుకు, పాలకొల్లు, అమలాపురం, ఎటు వెళ్ళినా ఊరి చివర చేలు మెరక చేసి కొత్త ఇళ్ళు లేపుతున్నారు. ఆ ఇళ్ళలో ఈమధ్య మొదలైన సరదా, పెరడంతా ప్లాస్టిక్ గడ్డి వేయించడం. ఎందుకండీ అంటే కుక్క కోసం అంటారు. బురద కాళ్ళతో హాల్లోకి రాదట, గోతులు తవ్వదట, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుందట. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతోంది. ఇందులో కుక్కకి ఒరిగేది ఏముంది? శుభ్రంగా ఉండేది మన టైల్స్, కాళ్ళు కాలేది దానికి.

ఈ గడ్డికి పేరొచ్చింది 1966లో, అమెరికాలోని హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో వేసినప్పుడు. పైన కప్పున్న స్టేడియం అది. లోపల ఎండ చాలక అసలు గడ్డి చచ్చిపోతే ప్లాస్టిక్‌ది పరిచారు. ఎండ లేని చోట పనికొచ్చిన సరుకుని రోహిణి కార్తె ఎండ కాసే మన పెరట్లోకి తెచ్చుకుంటున్నాం.

2002లో అమెరికాలోనే బ్రిగ్‌హామ్ యంగ్ యూనివర్సిటీ వాళ్ళు తమ గ్రౌండ్‌లో వేడి కొలిచారు. గాలిలో 37 డిగ్రీలు ఉన్న రోజున ప్లాస్టిక్ గడ్డి పైన 93 డిగ్రీల దాకా వచ్చింది. నీళ్ళు కొడితే 30కి దిగి, ఐదే నిమిషాల్లో మళ్ళీ 50 దగ్గరికి ఎక్కేసింది. 37 అంటే మనకి మే నెలలో మామూలు రోజే కదా. పైగా మనది ఉక్కపోత. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పుతూనే ఒంట్లో వేడి తగ్గించుకోవాలి. గాలిలో తేమ ఎక్కువైతే ఎంత రొప్పినా ఒళ్ళు చల్లబడదు.

మా వీధి చివరింట్లో ఒక లాబ్రడార్ ఉంది. పదకొండింటికి తలుపు తీసి బయటికి వదిలితే గడ్డి మీద రెండడుగులు వేసింది. ఒక కాలు ఎత్తింది, అది దించి ఇంకో కాలు ఎత్తింది, ఒక్క గెంతులో వెళ్ళి అంట్లు తోమే గచ్చు మీద నిలబడిపోయింది. పెరడు మొత్తంలో తడి ఉన్నది అక్కడే. "దీనికి పొగరండి, ఇంత ఖర్చు పెట్టి వేయిస్తే దాని మీదకే రాదు" అన్నారు ఆ ఇంటావిడ. నాకు కడుపు తరుక్కుపోయింది. "చెప్పులు విప్పి ఒక్క నిమిషం మీరు నిలబడి చూడండి వదిన గారూ" అన్నాను.

వేడి సంగతి ఇలా ఉంటే, ఉచ్చ కంపు ఇంకో బాధ. మెయింటెనెన్స్ ఉండదండి అని వేసేవాళ్ళు నమ్మకంగా చెప్తారు. నేల మీద పోసిన ఉచ్చని మట్టి పీల్చుకుంటుంది, మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని ఎరువుగా మారుస్తాయి, వేర్లు తీసుకుంటాయి. ప్లాస్టిక్ గడ్డి అడుగున రబ్బరు పూత, దానికి చిన్న చిన్న కన్నాలు. ఆ కన్నాల్లో కుక్క బొచ్చు, దుమ్ము చేరి మూసుకుపోతాయి. కిందేమో రోలర్‌తో తొక్కించిన ఎర్ర గ్రావెల్, దాని కింద నీళ్ళు దిగని మన నల్లమట్టి. వానాకాలంలో నాలుగడుగులు తవ్వితే ఊట వచ్చే నేల మనది. ఇక ఆ ఉచ్చ ఎక్కడికి పోతుంది? ఓ ఇంట్లో గడ్డి మూల ఎత్తి చూశాను. బొచ్చు అతుక్కున్న నల్లటి జిగురు, కళ్ళు మండేంత అమ్మోనియా ఘాటు. ఆ వాసనలోనే కుక్క ముక్కు పెట్టుకుని పడుకోవాలి.

కంపు పోవడానికి జనం చేసే పనులు అంతకన్నా ప్రమాదం. ఫినాయిల్ పోస్తున్నారు. దాని మీద నడిచిన కుక్క తర్వాత కాళ్ళు నాక్కుంటుంది, ఆ మందు కడుపులోకి పోతుంది. కొందరు బ్లీచింగ్ చల్లుతున్నారు. బ్లీచింగ్, అమ్మోనియా కలిస్తే ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే విషవాయువు వస్తుంది. దయచేసి ఆ పని మాత్రం చెయ్యకండి, ఇంట్లో చంటిపిల్లలుంటే అసలే వద్దు.

జియోలైట్ అనే ఖనిజం వేస్తే వాసన రాదని కూడా అమ్ముతున్నారు. మన చెరువుల వాళ్ళకి జియోలైట్ గురించి ఒకరు చెప్పక్కర్లేదు. అమ్మోనియాని పట్టుకుంటుందనే రొయ్యల చెరువుల్లో చల్లుతారు. పట్టుకున్నంత పట్టుకుని నిండిపోతుంది కూడా. ఒకసారి వేసి ఏళ్ళ తరబడి వదిలేయొచ్చని ఏ రైతూ అనుకోడు. గడ్డిలో వేసినదాన్నీ మార్చాల్సిందే. రోజూ పైపు పెట్టి కడగాల్సిందే. ఎండాకాలం కాలువలు కట్టేసి నీళ్ళకి కటకటలాడే రోజుల్లో ఆ నీళ్ళు ఎక్కడినుంచి తెస్తారు?

ముసలి కుక్క గ్రానైట్ మీద జారిపోతోందంటే, నీడలో ఎత్తి ఆరేసుకోగలిగినంత చిన్న ముక్క వేయండి, నేనేమీ కాదనను. పోచలు పీకి మింగే అలవాటున్న కుక్కకి అదీ వద్దు, పేగుల్లో అడ్డం పడితే ఆపరేషన్ దాకా పోతుంది.

నాకు అన్నిటికన్నా బాధేమిటంటే, పక్కనే కడియం నర్సరీలు పెట్టుకుని మనం ఈ పని చేస్తున్నాం. దేశం నలుమూలలకీ లారీల్లో మొక్కలు వెళ్ళేది అక్కడినుంచి. లాన్ గడ్డి పలకలుగా కోసి ఇస్తారు. అంతెందుకు, మన గట్ల మీద గరిక ఉంది. లాన్ కోసం బెర్ముడా అని డబ్బిచ్చి కొనే గడ్డి ఆ గరిక జాతిదే. తొక్కుడికి ఓర్చుకుంటుంది, కొంత ఉప్పు నీటిని తట్టుకుంటుంది, ఎండిపోయినా నాలుగు చినుకులు పడితే చిగురిస్తుంది. ఎండ మాత్రం కావాలి, చెట్ల కింద సరిగ్గా రాదు. అక్కడ గోదావరి ఇసుక పోయించండి. కుక్క హాయిగా తవ్వుకుంటుంది, నీడన చల్లగా పడుకుంటుంది. ప్రహరీ పక్కన అది పరిగెత్తే దారిలో గడ్డి ఎలాగూ నిలవదు, ఇటుకలు పరిచేయండి. ఉచ్చ పోసిన చోట వెంటనే చెంబుడు నీళ్ళు పోస్తే గడ్డి మాడదు. బురద అంటారా, పెరటి గుమ్మంలో ఒక గోనె పట్టా, ఒక పాత తువ్వాలు పెట్టుకుంటే సరిపోతుంది.

ఇప్పటికే వేయించినవాళ్ళు ఈ వేసవిలోపు కనీసం ఎండ పడే సగం తీయించేయండి. మిగతా సగం మీద షేడ్ నెట్ గానీ కొబ్బరాకుల పందిరి గానీ వేయించండి. తీసిన ప్లాస్టిక్‌ని మాత్రం కాలువ గట్టున పడేయకండి.