జ్ఞాపకం లేనిదొకటి, మరపు లేనిదొకటి

స్థిరాస్తి వ్యాపారంలోకి కొత్తగా దిగినవారికి భూమి దొరకడం కష్టం కాదు. అనుమతులు దొరకడం కూడా, ఓపిక ఉంటే, కష్టం కాదు. అసలు కష్టమంతా జనానికి ఫోన్లు కలిపే సాఫ్ట్‌వేర్ అయిన డయలర్ కొనాలా, వాళ్ల వివరాలు దాచిపెట్టే సీఆర్‌ఎం (కస్టమర్ రిలేషన్‌షిప్ మేనేజ్‌మెంట్) కొనాలా అన్నది తేల్చుకోవడంలో ఉంది. షాద్‌నగర్ నుంచి యాదగిరిగుట్ట దాకా హైదరాబాద్ చుట్టూ వెంచర్లు వేసినవారిలో ఎందరో ఈ ధర్మసందేహంతో నలిగిపోతున్నారు. ప్రజాహితం దృష్ట్యా ఎవరో ఒకరు ఈ విషయాన్ని నిష్పక్షపాతంగా పరిశీలించవలసి ఉంది. నేను ఒక్క గజం అమ్మినవాడిని కాను, కొన్నవాడినీ కాను. ఫోను ఎత్తే వర్గానికి చెందినవాడిని. ఈ సాఫ్ట్‌వేర్లు చివరికి పనిచేసేది మా మీదే కాబట్టి నా అర్హతను ఎవరూ శంకించరనుకుంటాను.

ముందు రెండింటి స్వభావాలు చూద్దాం. డయలర్ పని నంబర్లు కలపడం. వెయ్యి నంబర్ల జాబితా చేతికిస్తే అలుపు లేకుండా కలుపుకుంటూ పోతుంది. ఎవరైనా హలో అంటే ఆ గొంతును తీసుకెళ్లి టెలికాలర్ చెవిలో పడేస్తుంది. ఆ మనిషి నిన్న తిట్టాడా, మొన్న బతిమాలాడా, ఈరోజు ఆస్పత్రిలో ఉన్నాడా అన్నది దానికి అనవసరం. సీఆర్‌ఎం పని గుర్తుంచుకోవడం. ఎప్పుడో ఒక ఎగ్జిబిషన్‌లో బంగారు నాణేనికి ఆశపడి మీరు లక్కీ డ్రా డబ్బాలో వేసిన చీటీ దాని దగ్గర భద్రంగా ఉంటుంది. ఆ తర్వాత మీరు ఇల్లు కట్టుకున్నారు, గృహప్రవేశం చేశారు, అప్పు కూడా సగం తీర్చారు. సీఆర్‌ఎం దృష్టిలో మాత్రం మీరు ఈనాటికీ గూడు లేక తిరుగుతున్న 'వార్మ్ లీడ్', అంటే కొంచెం ఆసక్తి ఉన్న గిరాకీ.

అంటే మొదటిదానికి జ్ఞాపకం లేదు, రెండోదానికి మరపు లేదు. రెండూ కొని ఒకదానికొకటి తగిలిస్తే, మరపు లేనిది పేర్లు అందిస్తూ ఉంటుంది, జ్ఞాపకం లేనిది ఫోన్లు కలుపుతూ ఉంటుంది. ఈ తగిలింపునే ఇంటిగ్రేషన్ అంటారు. దానికి విడిగా డబ్బు కట్టాలి.

సీఆర్‌ఎంలది ఘనమైన వంశం. అమెరికాలో 1993లో మొదలైన సీబెల్ సిస్టమ్స్ కొన్నేళ్లపాటు ఈ రంగాన్ని ఏలింది. 1999లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సేల్స్‌ఫోర్స్ పుట్టింది. తొలినాళ్లలో ఆ కంపెనీ పెట్టుకున్న గుర్తు చూడముచ్చటగా ఉంటుంది: 'సాఫ్ట్‌వేర్' అన్న మాట మీద ఎర్రటి అడ్డగీత. 2000లో సీబెల్ వారి సమావేశం జరుగుతూ ఉంటే, బయట నటులను నిలబెట్టి, ప్లకార్డులు పట్టించి, సాఫ్ట్‌వేర్‌కు కాలం చెల్లిందంటూ ఉత్తుత్తి ధర్నా కూడా చేయించింది. ధర్నాకు మనుషులను కిరాయికి తేవడం మన జిల్లా నాయకుల సొంత విద్య అని నమ్మేవారికి ఇది కొంత మనస్తాపం కలిగించవచ్చు. సీబెల్‌ను తర్వాత ఒరాకిల్ కొనేసింది. సాఫ్ట్‌వేర్‌కు కాలం చెల్లిందన్న కంపెనీ ఇప్పటికీ సాఫ్ట్‌వేరే అమ్ముతోంది, న్యూయార్క్ స్టాక్ మార్కెట్‌లో దాని పొట్టిపేరు కూడా సీఆర్‌ఎమ్మే. మన వైపున చెన్నై జోహో 2005లోనే సొంత సీఆర్‌ఎం తెచ్చింది. ఇంటర్నెట్ మీద వ్యాపార ఫోన్లు నడిపే క్లౌడ్ టెలిఫోనీలో హైదరాబాద్ వాటాగా ఓజోనెటెల్ ఉంది. కనుక మనకు వచ్చే ఫోన్లలో స్వదేశీ భాగం తక్కువేమీ కాదని గర్వపడవచ్చు.

డయలర్లలో మూడు రకాలు ముఖ్యం. ప్రివ్యూ డయలర్ ముందుగా అవతలి మనిషి వివరాలు తెర మీద చూపిస్తుంది, టెలికాలర్ చదువుకుని, సిద్ధమై, అప్పుడు ఫోను కలుపుతుంది. ఇది మర్యాదస్తుల డయలర్ కాబట్టి గిరాకీ తక్కువ. ప్రోగ్రెసివ్ రకం ఒక మాట ముగిసిన వెంటనే ఊపిరి పీల్చుకోనివ్వకుండా ఇంకోటి కలుపుతుంది. వ్యాపారులు మోజుపడేది మూడోదాని మీద, ప్రెడిక్టివ్ డయలర్ మీద.

దీని నడక కొంచెం వివరంగా చెప్పుకోవాలి. టెలికాలర్లు పదిమంది ఉన్నారనుకోండి. ఇది పది ఫోన్లతో ఆగదు, ఇరవై అయిదు మోగిస్తుంది. నూటికి ఎంతమంది ఎత్తుతారు, ఒక్కో సంభాషణ ఎంతసేపు సాగుతుంది అన్న పాత లెక్కలు చూసుకుని, పదిమంది చేతులు ఖాళీ అయ్యే క్షణానికి పదిమంది బాధితులు సిద్ధంగా ఉండేలా అంచనా కడుతుంది. అంచనా కదా, ఒక్కోసారి తప్పుతుంది. పన్నెండుమంది ఎత్తుతారు. అప్పుడు ఇద్దరికి మాట్లాడే మనిషి ఉండడు. చేతికంటిన పిండి చీరకు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి, హలో హలో అని మూడుసార్లు అని, అవతల ఊపిరి చప్పుడు కూడా వినబడక మీరు పెట్టేసిన ఫోన్లలో చాలావరకు ఇవే. మీ అత్తగారు అనుమానించినట్టు అది పాత స్నేహం కాదు, మీరు భయపడినట్టు దొంగల వాకబూ కాదు. ఎవరో టెలికాలర్ ఒక్క క్షణం కూడా ఖాళీగా కూర్చోకుండా ఉండడానికి మీరు చేసిన ఉచిత సేవ. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధనల ప్రకారం, మనుషులు ఎత్తిన ఫోన్లలో ఇలా గాలికి వదిలేసేవి 3 శాతం మించకూడదు, హలో అన్నాక 2 సెకన్లలోపు మాట్లాడే మనిషి రావాలి. ఓపిక లేని దేశాల్లో ఇటువంటి పట్టింపులు ఉంటాయి.

ఇక పోలిక సంగతి. ప్రతి కంపెనీ తన వెబ్‌సైట్‌లో ఒక తులనాత్మక పట్టిక పెడుతుంది. తన పేరున్న వరుస నిండా పచ్చటి టిక్కులు, పోటీదారు వరుస నిండా ఎర్రటి ఇంటూలు. పోటీదారు వెబ్‌సైట్‌కు వెళితే రంగులు తారుమారవుతాయి. ధరలు ఒక్కో మనిషికి నెలకింతని పెద్ద అంకెల్లో ఉంటాయి, ఏడాది సొమ్ము ఒకేసారి కట్టాలన్న సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది. అన్నిటికంటే పెద్దదైన 'ఎంటర్‌ప్రైజ్' ప్లాను దగ్గర అసలు అంకే ఉండదు, 'మమ్మల్ని సంప్రదించండి' అని ఉంటుంది.

నాకు తెలిసిన వ్యాపారి ఒకాయన ఇలాగే నాలుగు కంపెనీలను పోల్చి చూద్దామని కూర్చున్నారు. డెమో కావాలంటే ఫోన్ నంబరు ఇవ్వడం తప్పనిసరి అంటే ఇచ్చారు. మధ్యాహ్నం భోజనం దగ్గర కూర్చునేసరికి మొదటి ఫోను, పెరుగన్నంలోకి వచ్చేసరికి మూడోది. ఒక కంపెనీ నుంచి ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకరికి తెలియకుండా ఒకరు చేశారు. వాళ్లు అమ్మేది సరిగ్గా ఇలా జరగకుండా చూసే సాఫ్ట్‌వేరేనట. వైద్యుడు తన మందు తాను మింగడన్న అపవాదు ఈ రంగానికీ వర్తిస్తుందన్నమాట. ఆయన చివరికి రెండూ కొన్నారు. ఫోన్లు ఆగడానికి అంతకంటే దగ్గర దారి కనిపించలేదని నాతో అన్నారు.

ఆయన ఆఫీసులో ఒక పూట కూర్చునే అవకాశం నాకు దొరికింది. తులనాత్మక పట్టికల్లో కనబడని సంగతి అక్కడే కనబడింది. ప్రతి ఫోను ముగిశాక టెలికాలర్ తెర మీద ఒక జాబితా తెరుచుకుంటుంది. ఆర్‌ఎన్‌ఆర్ అంటే మోగింది, ఎత్తలేదు. తర్వాత స్విచాఫ్, కాల్ బ్యాక్, సైట్ విజిట్, నాట్ ఇంట్రెస్టెడ్, అన్నిటికంటే అడుగున ఇంకెప్పుడూ చేయవద్దన్నవాళ్ల కోసం డీఎన్‌సీ. వీటిలో ఒకటి నొక్కితేనే తర్వాతి ఫోను వస్తుంది. ఆలస్యం చేస్తే తెర మూల సెకన్లు ఎర్రబడతాయి.

నేను చూస్తుండగా అవతల ఒక పెద్దమనిషి చాలా స్పష్టంగా చెప్పారు. "అమ్మా, నాకు ఇల్లుంది, దాని మీద అప్పుంది, స్థలం వద్దు, దయచేసి ఇంకెప్పుడూ చేయకండి." ఆ అమ్మాయి "సరేనండి, క్షమించండి" అని ఎంతో మర్యాదగా ఫోను పెట్టేసి 'కాల్ బ్యాక్, నెల తర్వాత' అని నొక్కింది.

"అదేమిటమ్మా, వద్దన్నారు కదా?" అన్నాను.

"నాట్ ఇంట్రెస్టెడ్‌లు ఎక్కువైతే మా టీమ్ లీడర్ గారు పిలిచి అడుగుతారండి, ఒప్పించడం రావడం లేదా అని. కాల్ బ్యాక్ అయితే ఎవరూ అడగరు" అంది. అప్పటికే తర్వాతి ఫోను వచ్చేసింది.

ఆ అమ్మాయిని తప్పుపట్టడానికి లేదు. ఆ నంబరు కాల్ బ్యాక్‌గా టీమ్ లీడర్ దగ్గరికి చేరుతుంది. ఆయన వారం లెక్కల్లో దాన్ని 'ఫాలోఅప్‌లో ఉంది' అని చూపిస్తాడు. మేనేజర్ దగ్గర అది 'పైప్‌లైన్', అంటే త్వరలో తేలబోయే అమ్మకం, అవుతుంది. యజమాని తెర మీద, అమ్మకాల దశలు చూపించే నారింజ రంగు గరాటు బొమ్మలో చుక్కగా మెరుస్తుంది. ఆ గరాటును చూపించే ఆయన భాగస్వాముల దగ్గర మరికొంత పెట్టుబడి తెస్తారు. దారిలో ఎవరూ పచ్చి అబద్ధం ఆడలేదు. ఇచ్చిన గడుల్లో తమ ఉద్యోగానికి చేటు చేయని గడిని ఎంచుకున్నారు, అంతే. కింద వద్దు అన్న మాట మూడు మెట్లు ఎక్కేసరికి అమ్మకాల అంచనాగా మారింది. ఏ రసవాదికీ చేతకాని పని ఇది. సాఫ్ట్‌వేర్ కంపెనీలవాళ్లు నెలకు తలకింతని తీసుకుంటున్నారంటే తీసుకోరూ మరి!

ఒకవేళ ఎవరైనా ధైర్యం చేసి డీఎన్‌సీ నొక్కినా భయపడనక్కర లేదు. వచ్చే నెల కొత్త 'డేటా' వస్తుంది. కొన్న జాబితాను ఈ వ్యాపారంలో అలాగే అంటారు. అందులో అదే మనిషి వేరే పేరుతో, వేరే నంబరుతో మళ్లీ ఉంటారు. శ్రీనివాసరావు గారు, కె. శ్రీనివాస్, శ్రీను సార్ ఆఫీసు నంబరు అని ముగ్గురిగా వెలసిన ఒక పెద్దమనిషిని నేనే చూశాను. ముగ్గురిలో ఒకరు వద్దన్నారు, ఒకరు ఎత్తలేదు, ఒకరు ఆలోచిస్తున్నారు.

చట్టం ఊరుకుందా అంటే, లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చొరవతో 2007లోనే వద్దన్నవారి జాతీయ జాబితా వచ్చింది, 1909కి చెబితే చాలన్నారు. 2018 నిబంధనలతో ఏ రకం ప్రకటనలు వద్దో, ఏ వేళల్లో వద్దో, ఏ రోజుల్లో వద్దో కూడా ఎంచుకునే వీలు కల్పించారు. ఆదివారం ఉదయం స్థిరాస్తి మాత్రమే సమ్మతం అనే పౌరుడు ఎక్కడైనా ఉంటే ఆయన హక్కు భద్రం. ప్రకటనల ఫోన్లు 140తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలన్నారు. జనం తెలివైనవాళ్లు, 140 చూడగానే ఎత్తడం మానేశారు. వ్యాపారులు ఇంకా తెలివైనవాళ్లు, 140 వాడడమే మానేశారు. మామూలు పది అంకెల సిమ్ములతో ఫోనులోనే నడిచే డయలర్ యాప్‌లు ఇప్పుడు బాగా సాగుతున్నాయి. మామూలు నంబరు చూసి జనం ఎత్తుతారన్నదే వాటి మొదటి సుగుణంగా ప్రచారం. అలాంటి నంబర్ల మీద 2025 ఫిబ్రవరిలో నిబంధనలు బిగించారు. 10 రోజుల్లో 5 ఫిర్యాదులు వస్తే చర్య. అంటే మీరు ఒక్కరు కోప్పడితే చాలదు, అదే నంబరు మీద అదే పది రోజుల్లో కోపం వచ్చి, వచ్చిన కోపాన్ని ఫిర్యాదు దాకా తీసుకెళ్లే ఓపికున్న మరో నలుగురు కావాలి. ఈలోగా సిమ్ము మారకూడదు.

సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. లక్కీ డ్రా డబ్బాలో చీటీ వేయడం చాలా సులువు. తీయడం ఎలాగో ఆ డబ్బా పెట్టినవాళ్లే చెప్పాలి.

ఇప్పుడు మాట్లాడే యంత్రాలు కూడా వచ్చాయి. "నమస్కారం సార్, నేను ప్రియను" అని చక్కటి తెలుగులో, మధ్యలో ఊపిరి తీసుకున్న చప్పుడుతో సహా పలకరిస్తాయి. ప్రియకు జీతం లేదు, జలుబు లేదు, సంక్రాంతి సెలవు లేదు. ఇటు కొత్త ఫోన్లలో, తెలియని నంబరు వస్తే యజమాని బదులు ఫోనే ఎత్తి, ఎవరు, ఏ పని మీద అని అడిగే సదుపాయం వచ్చింది. కాబట్టి ప్రియ, మీ ఫోను తీరిగ్గా మాట్లాడుకుంటాయి. సంభాషణ నాలుగు నిమిషాలు దాటితే సీఆర్‌ఎం మిమ్మల్ని 'హాట్ లీడ్'గా మారుస్తుంది. సైట్ చూపించే కారు ఎవరి కోసం పంపాలన్నది ఒక్కటే ఇంకా తేలలేదు.

పోలిక అన్నాక తీర్పు చెప్పకుండా తప్పించుకోకూడదు. అమ్మే వస్తువు చౌకదై, జాబితా పొడవైనదై, పరువు గురించి పెద్దగా బెంగ లేనివారు డయలర్ కొనుక్కోవచ్చు. కొనేవాడు ఆరు నెలలు ఆలోచించి, ఇంట్లో అందరినీ అడిగి, వాస్తు చూపించుకుని గానీ బయానా ఇవ్వడు అనుకునే వ్యాపారమైతే సీఆర్‌ఎం పనికొస్తుంది, అయితే అందులో నిజాలు రాసేవాళ్లుండాలి. నెలకు వందమంది మాత్రమే తమంతట తాము వచ్చి విచారించే చోట ఒక ఎక్సెల్ షీటు, మంచి జ్ఞాపకశక్తి ఉన్న ఒక గుమాస్తా చాలు. ఈ మూడో సలహా ఏ పట్టికలోనూ ఎందుకు లేదంటే, దాని మీద ఎవరికీ కమీషన్ రాదు.

మా వ్యాపారి గారికి ఇటీవల ఏడాది గడువు ముగియవచ్చింది. కొత్త కంపెనీ కుర్రాడు డెమో ఇస్తుంటే నన్నూ పిలిచారు. అరగంట సేపు గరాటులు, గ్రాఫులు, రంగులు చూశాం. ఏమైనా సందేహాలున్నాయా అని అడిగితే, నేను చెప్పిపెట్టిన ప్రశ్న ఆయన అడిగారు. ఒక మనిషి ఒక్కసారి వద్దంటే డయలర్ నుంచీ, సీఆర్‌ఎం నుంచీ, రేపు రాబోయే కొత్త జాబితా నుంచీ కూడా ఆ మనిషిని తప్పించడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది?

కుర్రాడు తన ల్యాప్‌టాప్‌లో కాసేపు వెతికాడు.

"ఉంది సార్, కానీ మీరు చూస్తున్న ప్లానులో రాదు. ఎంటర్‌ప్రైజ్‌లో ఉంటుంది" అన్నాడు. "దాని రేటు నేను చెప్పకూడదు. మీ నంబరు మా దగ్గర ఉంది కదా, మా సీనియర్ ఫోన్ చేస్తారు."