అందరికీ ఒకే కంచమా?

(అక్కకు మధుమేహం వచ్చి పన్నెండేళ్లయింది. తమ్ముడు ఇంకా మధుమేహం సరిహద్దులోనే (ప్రీడయాబెటిస్) ఉన్నాడు. భుజానికి చొక్కా గుండీకన్నా కాస్త పెద్దదైన గ్లూకోజ్ సెన్సర్ అంటించుకుని, ఫోనులో రక్తంలోని చక్కెర గీతలు చూస్తూ వచ్చాడు.)

తమ్ముడు: చూడక్కా, అరటిపండు తిన్నాక గీత ఎలా లేచిందో! బిస్కెట్లకు ఇంత లేవలేదు. పండు మంచిది, బిస్కెట్ చెడ్డది అని అందరికీ ఒకే పాట పాడితే ఎలా?

అక్క: అయితే ఇక బిస్కెట్లే తింటావా?

తమ్ముడు: వెక్కిరించకు. 2015లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు 800 మందికి ఇలాంటి సెన్సర్లు పెట్టి వారం రోజులు గమనించారు. ఒకరికి అరటిపండుతో చక్కెర ఎగబాకింది, బిస్కెట్‌తో పెద్దగా కదల్లేదు. ఇంకొకరికి సరిగ్గా తిరగబడింది. పేగుల్లోని సూక్ష్మజీవులు, రక్త పరీక్షలు, శరీర కొలతలు చూసి ఎవరికి ఏది ఎంత పెంచుతుందో ముందే అంచనా వేయగలిగారు.

అక్క: కాదనను. కానీ బిస్కెట్లోని కొవ్వు జీర్ణాన్ని నెమ్మదింపజేస్తుంది. గీత చదునుగానే ఉంటుంది, నడుము పెరుగుతుంది. ఆ సెన్సర్‌కు నడుము కనిపించదు. రాత్రి సరిగా నిద్రపోయావా?

తమ్ముడు: లేదు.

అక్క: నిద్ర చాలకపోయినా ఇన్సులిన్ సరిగా పనిచేయదు. మరి ఆ గీత అరటిపండుదా, నిద్రలేమిదా?

(తమ్ముడు ఫోను బోర్లించాడు. ఒక్క పూట గీత చూసి దీనికి జవాబు చెప్పగలిగేవారు ఉన్నారని నేననుకోను.)

అక్క: 2002లో అమెరికాలో ఓ పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. నీలా సరిహద్దులో ఉన్న 3,234 మంది. బరువులో 7 శాతం తగ్గాలి, వారానికి 150 నిమిషాలు ఒళ్లు కదలాలి, అంతే. ఆ దారి పట్టినవారిలో మధుమేహం ముప్పు 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్రలతో 31 శాతమే. సెన్సర్ ఊసే లేదు.

తమ్ముడు: సెన్సర్ లేదు, సరే. కానీ ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి 16 పాఠాలు చెప్పారు. ఎవరి ఇబ్బందిని బట్టి వారికి ఉపాయం చెప్పారు. కరపత్రం చేతిలో పెట్టి పంపేస్తే ఆ 58 శాతం వచ్చేదా? నేనడిగేదీ అదే కదా!

అక్క: (కాసేపు ఆగి) ఆ మాట ఒప్పుకోవలసిందే. కానీ ఆ పని చేసింది మనుషులు, యాప్ కాదు.

తమ్ముడు: యాప్ కూడా చేసింది. 2021లో వైజ్‌మన్ వాళ్లదే మరో ప్రయోగం, 225 మందితో. ఆరు నెలల్లో మధ్యధరా ఆహారం (కూరగాయలు, పప్పులు, ఆలివ్ నూనె ఎక్కువగా ఉండేది) తిన్నవారికంటే, లెక్కగట్టి ఇచ్చిన వ్యక్తిగత ఆహారం తిన్నవారికి హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు చక్కెర లెక్క, రెట్టింపు తగ్గింది.

అక్క: రెట్టింపు అంటే ఎంత?

తమ్ముడు: మధ్యధరా వాళ్లకు 0.08 శాతం. వ్యక్తిగత ఆహారం వాళ్లకు 0.16 శాతం.

అక్క: ఒకే రక్తాన్ని రెండుసార్లు పరీక్షించినా అంత తేడా రావచ్చు, నాయనా.

తమ్ముడు: మరి నీ భుజానికి కూడా ఉందిగా ఒకటి?

అక్క: నేను ఇన్సులిన్ వేసుకుంటాను. నిద్రలో చక్కెర పడిపోతే ఇది మోగి లేపుతుంది. నీది ఇంకా ఎన్నాళ్లు పనిచేస్తుంది?

తమ్ముడు: నాలుగు రోజులు.

అక్క: నాలుగు రోజులూ ఒకే భోజనం, ఒకే వేళకు తిను. రెండు రోజులు తినగానే పావుగంట నడువు, రెండు రోజులు కూర్చో. ఆ గీతలు తీసుకురా, అప్పుడు మాట్లాడుకుందాం.