టమాటా మొక్కలోని పెద్దాఫీసరు గారికి అర్జీ

మహారాజశ్రీ హెచ్‌ఎస్‌ఎఫ్‌ఏ1ఏ గారి సముఖానికి,

బెజవాడ సత్యనారాయణపురంలో డాబా మీద పగిలిన బకెట్లో పెరుగుతున్న టమాటా మొక్క యజమానురాలు నమస్కరించి రాసుకునేది.

మీ పేరు చూసి ఏదో జీవో నంబరనుకున్నాను. తీరా చూస్తే, ఎండ ముదిరినప్పుడు మిగతా జన్యువులకు ఉత్తర్వులిచ్చే ప్రోటీన్ తమరేనట! 2012లో టమాటా జన్యుపటం బయటపడితే సుమారు 35 వేల జన్యువులు తేలాయి. (అయిదో క్రోమోజోము పని మన దేశం వాళ్లే చూశారు, అది వేరే గర్వం.) అంత సిబ్బంది మీద అజమాయిషీ అంటే మాటలా?

కానీ మామూలు రోజుల్లో తమరు కుర్చీ దిగరు. హెచ్‌ఎస్‌పీ70, హెచ్‌ఎస్‌పీ90 అనే బంట్రోతు ప్రోటీన్లు మిమ్మల్ని లేవనివ్వవు. వేడికి కణంలోని ప్రోటీన్లు మడతలు విప్పుకుని చెదిరిపోతే, సర్దడానికి వాళ్లు అటు పరిగెడతారు. అప్పుడు గానీ తమరు డీఎన్‌ఏ దగ్గరికెళ్లి సంతకం పెట్టరు. ఆ సంతకంతో ఇంకొంతమంది బంట్రోతులు, హెచ్‌ఎస్‌ఎఫ్‌ఏ2 అనే అసిస్టెంటూ పుట్టుకొస్తారు. సద్దుమణిగాక ఆ బంట్రోతులే మిమ్మల్ని మళ్లీ కూచోబెడతారు. ఇల్లు కాలాక బావి తవ్వడమని తిట్టబోయి ఆగాను. ఇదంతా మొదలవడానికి నిమిషాలే పడుతుందట. మా వీధి కాలవ పూడిక తీయడానికి వానాకాలం దాటిపోతుంది.

ముందు కాస్త ఎండ తిన్న మొక్క తర్వాతి వడగాలిని మెరుగ్గా ఓర్చుకుంటుందనీ చదివాను. సరే, ఆకులు నిలబెట్టారు. పూత సంగతేమిటి? పగలు 32 డిగ్రీలు దాటి, రాత్రి 21 దాకా దిగకపోతే పుప్పొడి చెడి పూలు రాలిపోతాయి. మా ఊళ్లో మే నెల రాత్రి 21 డిగ్రీలు కావాలంటే ఫ్రిజ్‌లోనే దొరుకుతుంది. అందుకే కాళేశ్వరరావు మార్కెట్లో మదనపల్లె కాయకు అడిగినంతా ఇచ్చుకుంటున్నాం.

పెరూ ఎడారి పక్కన మీ దాయాది, సొలానం పెన్నెల్లీ అనే అడవి టమాటా, అరచుక్క నీటితో బతికేస్తోంది. మీ ఇంటి వాళ్లనేమో తరతరాలుగా కాయ సైజు చూసి ఏరాం, ఓర్పు చూసి కాదు. సెలక్షన్ మాది, సంజాయిషీ మీది, ఆఫీసు పద్ధతే అంత.

కాబట్టి పుప్పొడి సెక్షన్‌కు ఎండ ముదరకముందే ఉత్తర్వులు పంపగలరు. పోతే, పక్కింటి వారి ఏసీ డబ్బా రాత్రంతా సరిగ్గా నా బకెట్టు మీదకే వేడి ఊదుతోంది. వారికీ తమలాంటి ప్రోటీన్ ఉంటుందట. ఆ అర్జీ ఏ కణానికి పెట్టుకోవాలో కూడా సెలవియ్యగలరు.

ఇట్లు,
తమ బకెట్టు యజమానురాలు