డ్రోన్‌ని చేత్తో పట్టొచ్చా? బావా బామ్మర్దుల వాదన

కోనసీమలో పెళ్లి షూటింగులు చేసే ఇద్దరి మధ్య వాదన ఇది. బావకి ఫొటో స్టూడియో ఉంది. బామ్మర్ది అతని దగ్గరే డ్రోన్ ఎగరేస్తాడు. దిండిలో హౌస్‌బోటు మీద షూటింగ్ అయ్యాక బామ్మర్ది డ్రోన్‌ని కింద దించకుండా, గాల్లో ఉండగానే అసిస్టెంట్ కుర్రాడి చేత పట్టించాడు. గొడవ అక్కడ మొదలైంది.

బావ: నేను చెప్పేది ఒక్కటే. తిరుగుతున్న రెక్కల కింద చెయ్యి పెట్టకూడదు. కింద చాప పరిచి దాని మీద దించు. కంపెనీవాళ్లు ల్యాండింగ్ ప్యాడ్ అమ్మేది అందుకే కదా!

బామ్మర్ది: ఎక్కడ పరవమంటావు బావా? బోటు నడుస్తోంది. పై డెక్కు మీద కుర్చీలు, పూల స్టాండు, తాళ్లు. ఇంటికి రమ్మని బటన్ నొక్కితే బయల్దేరిన చోటికి వెళ్తుంది. హోమ్ పాయింట్ మార్చకపోతే దాని లెక్కలో ఇల్లంటే ఆ చోటే. ఈలోగా బోటు ఎంతో దూరం వచ్చేసింది, అక్కడ మిగిలింది వశిష్ఠ గోదావరి నీళ్లు. కదిలే నీటి మీద కింది సెన్సర్లు సరిగ్గా పనిచెయ్యవు, మాన్యువల్లోనే ఉంటుంది. పోనీ ఒడ్డున దించుదామా? లంకల్లో అంతా ఇసుకే. రెక్కల గాలికి లేచిన ఇసుక మోటార్లలోకి, కెమెరాని కుదుపు లేకుండా పట్టే గింబల్లోకి పోతుంది. అంతర్వేది దగ్గరైతే ఇసుకతో పాటు ఉప్పు కూడా. కోతలయ్యాక చేలో దించితే వరి దుబ్బులు రెక్కలకి తగుల్తాయి. చిన్న డ్రోన్ పొట్టకీ నేలకీ మధ్య ఉండేది ఎంత! ఇలాంటి చోట్ల చెయ్యే మంచి నేల.

బావ: నీ మిషను బాగానే ఉంటుంది. వేళ్ల సంగతి?

బామ్మర్ది: దానికి పద్ధతుంది. పట్టేవాడు పట్టడమే చెయ్యాలి, ఎగరేసేవాడు ఎగరెయ్యడమే చెయ్యాలి. నేనే పడితే ఒక చెయ్యి రిమోట్ మీద, ఒక చెయ్యి రెక్కల కింద, చూపు రెండు చోట్లా. ప్రమాదమంతా అక్కడుంది. అందుకే ఇద్దరం. ముందు డ్రోన్‌ని వాడికి నాలుగడుగుల అవతల, తల కన్నా ఎత్తులో ఆపుతాను. దాని వెనక భాగం వాడి వైపు, కెమెరా అవతలి వైపు. గాలి వాడి వీపుకి తగిలేలా నిలబడతాడు. అప్పుడు సముద్రపు గాలి ఒక్కసారి తోసినా డ్రోన్ అవతలికి పోతుంది తప్ప ముఖం మీదికి రాదు. మెల్లగా దగ్గరికి తెచ్చి నేను సరేనన్నాక వాడు చెయ్యి చాపి, కింద నుంచి, రెక్కల అంచుకి దూరంగా పొట్ట పట్టుకుంటాడు. కింది సెన్సర్ ఆ చేతిని నేల అనుకుంటుంది. అక్కడే ఆగిపోతుంది, ఒక్కోసారి పైకి జరుగుతుంది కూడా. కొత్తవాడైతే కంగారుపడి కిందికి లాగుతాడు. లాగితే ఎత్తు తగ్గిపోతోందని మోటార్లు ఇంకా గట్టిగా తిరుగుతాయి. లాగకూడదు, వంచకూడదు, కదలకుండా పట్టుకోవాలి. రిమోట్‌లో ఎడమ స్టిక్‌ని నేను పూర్తిగా కిందికి నొక్కి, రెక్కలు ఆగేదాకా వదలను. ఆగాకే వాడు చెయ్యి దించాలి.

బావ: ఇదంతా 249 గ్రాముల మినీ డ్రోన్‌కి చెప్పు, వింటాను. నువ్వు పెద్ద డ్రోన్ మావిక్ 3 కూడా పట్టిస్తున్నావు. అది దగ్గర దగ్గర 900 గ్రాములు. 2021 డ్రోన్ రూల్స్‌లో 250 గ్రాముల లోపుదాన్ని నానో అన్నారు, దాన్ని దాటితే మైక్రో అన్నారు. రెండింటినీ ఒక్కలా చూడలేదుగా! ఆ రెక్కలూ వేరు, ఆ ఊపూ వేరు.

బామ్మర్ది: ఒప్పుకుంటాను. పెద్దదానికి గ్లవ్స్, కళ్లజోడు లేకుండా పట్టించకూడదు.

బావ: మరి జగ్గన్నతోటలో గ్లవ్స్ ఏవి? కనుమ రోజు, ఎత్తైన ప్రభల మీద దేవుళ్లని మోసుకొచ్చే తీర్థం, కాలు పెట్టే సందు లేదు. అక్కడా పట్టించావు.

బామ్మర్ది: ఆ షాట్ కావాలన్నది నువ్వే బావా! ప్రభలు కౌశిక నది దాటుతుంటే పైనుంచి తియ్యాలని ముందు రోజు రాత్రి దాకా పోరు పెట్టావు.

బావ: తియ్యమన్నాను కానీ జనం మధ్యలో దించమన్నానా?

బామ్మర్ది: చేను గట్టు మీద నుంచే లేపాను. తిరిగొచ్చేసరికి అక్కడ కూడా జనం నిండిపోయారు. ఎక్కడ దించను?

బావ: దించడానికి చోటు ఉండదని తెలిసినప్పుడు లేపకూడదు. చేత్తో పట్టొచ్చులే అన్న ధీమాతోనే నువ్వు లేపరాని చోట లేపుతున్నావు. అసలు నా బాధ అది కూడా కాదు. రిమోట్ పట్టుకున్న నీకు గీత కూడా పడదు. తెగితే ఆ కుర్రాడి వేలు తెగుతుంది. వాళ్లమ్మకి జవాబు చెప్పాల్సింది నేను. పట్టేది నీ సొంత తమ్ముడైతే పట్టిస్తావా?

బామ్మర్ది: (కాసేపాగి) పట్టిస్తాను, నేర్పాకే. రెక్కలు ఊడదీసిన డ్రోన్ చేతికిచ్చి ఎక్కడ పట్టాలో అలవాటు చేస్తాను. తర్వాత గాలి లేని పొద్దున, ఖాళీ చోట, మినీతో. జనంలో లేపడం తప్పే, ఆ మాట తీసుకుంటున్నాను. కానీ బోటు మీద నువ్వన్న చాప పనికిరాదు. బలంగా గాలి వీస్తుంటే ఊగే డెక్కు మీద దించితే బోల్తా కొడుతుంది, రెక్కలు పక్కనున్న కాళ్లకి తగుల్తాయి. పట్టేవాడికి ప్రమాదమని తెలుసు, జాగ్రత్తగా ఉంటాడు. పక్కనున్న పెళ్లివారికి తెలీదు. ఇంకొకటి, బ్యాటరీ సగానికి రాగానే వెనక్కి తెచ్చేస్తే హడావిడి ఉండదు. గాలి ఎక్కువై మొదటిసారి కుదరకపోతే వెనక్కి తీసుకెళ్లి మళ్లీ రావచ్చు. వాడు వద్దని చెయ్యి ఊపినా అంతే.

బావ: నా ముందు వాడు వద్దంటాడా? రోజుకూలీ ఇచ్చేవాణ్ణి పక్కన పెట్టుకుని ఎవడంటాడు? నేను లేనప్పుడు అడుగు. ఒప్పుకుంటేనే నేర్పు. మావిక్ మాత్రం వద్దు.

బామ్మర్ది: బోటు మీద మినీయే తెస్తాను. వాడు ఒప్పుకోకపోతే ఆ షాట్ ఒడ్డు నుంచి తీస్తాను, పెళ్లివారికి ముందే చెప్పు.