శాలువాలు లేని సభ ఒకటి కావాలి

శ్రీకాకుళంలో సైన్స్ ఫిక్షన్ అభిమానుల సమావేశం ఒకటి జరగాలి. ఈ మాట నేను చాలాకాలంగా అంటున్నాను. విన్నవాళ్లలో కొందరు పిల్లల సైన్స్ ఫెయిర్ అనుకుంటున్నారు, కొందరు ఇంకో సాహిత్య సభ అనుకుంటున్నారు. రెండూ కాదు. అందుకే వివరంగా రాస్తున్నాను. పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

1937 జనవరి 3న ఇంగ్లండ్‌లోని లీడ్స్ ఊళ్లో, దివ్యజ్ఞాన సమాజం హాల్లో సైన్స్ ఫిక్షన్ అంటే ఇష్టపడే కొందరు కుర్రాళ్లు కలిశారు. పట్టుమని పాతికమంది కూడా లేరు. తర్వాత పేరుమోసిన సైన్స్ ఫిక్షన్ రచయిత అయిన ఆర్థర్ క్లార్క్ వాళ్లలో ఒకరు, అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్లు. తర్వాత రెండేళ్లకి, 1939 జులైలో, న్యూయార్క్‌లో ప్రపంచ సైన్స్ ఫిక్షన్ అభిమానుల సమావేశం, వరల్డ్‌కాన్, మొదలైంది. యుద్ధం వల్ల 1942 నుంచి 1945 వరకు ఆగింది తప్ప ఏటా జరుగుతూనే ఉంది. దాన్ని నడిపేది కంపెనీ కాదు, ప్రభుత్వం కాదు, యూనివర్సిటీ కాదు. జీతం తీసుకోని పాఠకులు నడుపుతారు. అక్కడికి వెళ్లేవాళ్లు టికెట్ కొనరు, సభ్యత్వం తీసుకుంటారు. అక్కడ ఇచ్చే సైన్స్ ఫిక్షన్ పురస్కారాలు, హ్యూగో అవార్డులు, 1953లో మొదలయ్యాయి. వాటికి పేర్లు పంపేది సభ్యులే, ఓటేసేదీ సభ్యులే. రాబోయే సమావేశం ఏ ఊళ్లో పెట్టాలో కూడా వాళ్ల ఓటుతోనే తేలుతుంది. ప్రత్యేక అతిథులు ఏ కొద్దిమందినో వదిలేస్తే, చర్చల్లో మాట్లాడే రచయితలు కూడా సభ్యత్వం డబ్బులు కట్టుకునే వస్తారు.

మన సభలకి వెళ్లే అలవాటున్నవాళ్లు ఆ చివరి వాక్యం ఇంకోసారి చదవండి.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను, సైన్స్ ఫిక్షన్ కథలు రాస్తాను. వరల్డ్‌కాన్‌కి వెళ్లాలంటే వీసా, విమానం, హోటల్, పైగా సెలవు. నా వల్ల అయ్యే పని కాదనుకున్నాను. 2020లో అది న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో జరగాల్సింది. కోవిడ్ వల్ల మొత్తం ఆన్‌లైన్‌లో పెట్టారు. అలా జరగడం అదే మొదటిసారి. మా బడులు మూసేసి ఉన్నాయి. సభ్యత్వం తీసుకున్నాను. వాళ్లకి పొద్దున్న పది గంటలంటే మనకి తెల్లవారుజాము మూడున్నర. ఇంట్లోవాళ్ల నిద్ర చెడకుండా వంటింట్లో కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూశాను.

అప్పుడు నేను రాస్తున్న కథలో ఒక చిక్కు ఉండేది. సముద్రం ఊరిని పూర్తిగా మింగేస్తే, ఆ ఊరి పేరు మీద ఉన్న రేషన్ కార్డులు, ఓటరు కార్డులు, పట్టాదారు పాస్‌పుస్తకాలు ఏమవుతాయి? లేని ఊరికి సర్పంచ్ ఉంటాడా? ఒక చర్చ అయ్యాక ఇదే అక్కడి చాట్‌లో అడిగాను. పసిఫిక్ దీవుల్లో పుట్టిన ఒకావిడ, భూమి పోయినా దేశం మిగులుతుందా అని వాళ్ల పెద్దలు వాదించుకునే సంగతులు చెప్పారు. ఇంకొకాయన నేను వేసుకున్న సముద్ర మట్టం లెక్క చూసి, అంత తొందరగా పెరగదని చెప్పి, నా కథని ఇంకా తర్వాతి కాలానికి జరపమన్నారు. నేను ఎన్ని పుస్తకాలు వేశానని గానీ, ఏ అవార్డు వచ్చిందని గానీ ఎవరూ అడగలేదు. కథలో ఏముందో దాని గురించే మాట్లాడారు. తెలుగులో ఇన్నేళ్లుగా రాస్తున్నాను, నా కథలో లెక్కని ఎవరైనా సరిచూడటం అదే మొదటిసారి. ఆ పూట నాకు పట్టలేనంత సంతోషం.

ఇప్పుడు మా దగ్గర సంగతి. ఒక సభలో నా కథ చదవమన్నారు. పదింటికని పిలిచి పదకొండున్నరకి మొదలుపెట్టారు. వేదిక మీద ఉన్నవాళ్లే ఒక వరస కుర్చీలు నింపేశారు. ఒక్కొక్కరిని ఆహ్వానించడం, ఒక్కొక్కరికి శాలువా, ఒక్కొక్కరికి జ్ఞాపిక. కథ చదివే నాకు భోజనాల ముందు పది నిమిషాలు మిగిలింది. చదివాక అధ్యక్షులవారు అన్న మాట ఇది: "బాగుందమ్మా. కానీ ఈ రాకెట్లూ రోబోలూ మనకెందుకు చెప్పు? మన మట్టి కథలు రాయి."

ఆ కథలో రాకెట్ లేదు. రోబో లేదు. ఉన్నది కొవ్వాడ.

మన రణస్థలం మండలం కొవ్వాడలో ఆరు అణు రియాక్టర్లు పెట్టాలన్నది ప్రతిపాదన, ఒక్కొక్కటి 1208 మెగావాట్లు. అవి వస్తే మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. అణు వ్యర్థాలు వేల ఏళ్ల పాటు ప్రమాదకరంగానే ఉంటాయి. పదివేల ఏళ్ల తర్వాత ఆ తీరంలో తిరిగే మనిషికి "ఇక్కడ తవ్వకు" అని ఎలా చెప్పాలి? ఏ భాషలో, ఏ లిపిలో, ఏ బొమ్మతో? శ్రీముఖలింగం గోడల మీద శాసనాలు వెయ్యేళ్ల లోపువే చాలా ఉన్నాయి. నేను, మీరు వెళ్లి నిలబడితే చదవగలమా? నా కథ అదే. ఇది మన మట్టి కాకపోతే ఇంకేది మన మట్టి?

ఉత్తరాంధ్ర కథ అనగానే కరువు, వలస, పోరాటం అని ఒక చట్రం ఉంది. ఆ చట్రంలో గొప్ప కథలు వచ్చాయి. వాటిని చదివే నేను రాయడం నేర్చుకున్నాను, ఆ పెద్దలంటే నాకు భక్తి. కానీ ఇవాళ మన జిల్లా భవిష్యత్తు గురించి భయపడాల్సిన సంగతులు, ఆశపడాల్సిన సంగతులు కళ్లముందే ఉన్నాయి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇన్ని కుటుంబాలని తినేస్తున్నా దాని కారణం ఇదీ అని ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను కొబ్బరి తోటల్ని నేలకూల్చింది. చెట్టు పడటానికి ఒక్క రాత్రి చాలు, కొత్త మొక్క కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో ఆ ఇల్లు ఏం తింటుంది? మన మత్స్యకారులు వేట కోసం గుజరాత్ దాకా పోతున్నారు, ఇక్కడి సముద్రంలో చేపలు ఇంకా తగ్గితే వాళ్ల మనవలు ఎక్కడికి పోతారు? "ఇలాగే జరిగితే ఏమవుతుంది" అని అడిగే సాహిత్యం సైన్స్ ఫిక్షన్ ఒక్కటే కాదు. కానీ అది అడగడమే పనిగా పెట్టుకున్న సాహిత్యం.

అరసవల్లి సంగతి మా పిల్లలకి ఏటా చెబుతాను. మార్చిలో కొన్ని రోజులు, అక్టోబర్‌లో కొన్ని రోజులు సూర్యకిరణాలు స్వామి పాదాలని తాకుతాయి కదా. విషువత్తు అంటే పగలు, రాత్రి సమానంగా ఉండే రోజు. ఒకటి మార్చి విషువత్తుకి కాస్త ముందు, ఇంకోటి సెప్టెంబర్ విషువత్తుకి కాస్త తర్వాత. రెండుసార్లూ సూర్యుడు ఆకాశంలో దాదాపు ఒకే దారిన వెళతాడు. ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి, "మేడమ్, భూమి వంపు మారిపోతే అప్పుడు కిరణాలు ఎక్కడ పడతాయి?" అంది. భూమి వంపు చాలా నెమ్మదిగా మారుతుంది, ఆ పిల్లకి ఆ సంగతి తెలియకుండానే అడిగింది. ఆ ప్రశ్నలో ఒక కథ ఉంది. ఆ పిల్లని తీసుకెళ్లి కూర్చోబెట్టడానికి నాకు ఒక చోటు కావాలి. శాలువాల సభకి తీసుకెళ్లలేను, అక్కడ పిల్లలకి ప్రార్థనా గీతం పాడే పని మాత్రమే ఉంటుంది.

వరల్డ్‌కాన్‌లో అన్నీ బాగున్నాయని అనను. నేను చూసిన ఆ ఏడాదే అవార్డుల కార్యక్రమం గంటలకొద్దీ సాగింది. నడిపిన పెద్దాయన పాత రోజుల కబుర్లు చెబుతూ పోయారు, ఫైనల్‌కి వచ్చినవాళ్ల పేర్లు కొన్ని తప్పు పలికారు. ఆ పేర్లు మన పేర్లలాంటివే, వాళ్ల నోటికి కొత్తవి. నాకు బాధనిపించింది. 2023లో చైనాలోని చెంగ్డూలో జరిగినప్పుడు ఇంకా ఘోరం. సరిపడా నామినేషన్లు వచ్చిన కొన్ని రచనల్ని సరైన కారణం చెప్పకుండా అనర్హం అన్నారు. 2024 జనవరిలో ఓట్ల లెక్కలు బయటికొచ్చాక ప్రపంచమంతా గొడవైంది. ఆ ఏడాది వరల్డ్‌కాన్ నడిపిన గ్లాస్గో కమిటీ తమ దగ్గర 377 ఓట్లు దొంగవని తేల్చి, రద్దు చేసి, ఆ మాట బహిరంగంగా చెప్పింది. పాఠకులు అంత గట్టిగా నిలదీయగలిగారంటే అవార్డు వాళ్లది కాబట్టి. మన దగ్గర ఏ పురస్కారం ఎవరికి ఎందుకిచ్చారని అడగడానికి పాఠకుడికి దారే లేదు.

చెంగ్డూ గురించి ఇంకో సంగతి మనకి చాలా ముఖ్యం. అది బీజింగ్ కాదు, షాంఘై కాదు. 1979లో ఆ ఊళ్లో మొదలైన ఒక సైన్స్ ఫిక్షన్ పత్రిక దశాబ్దాల పాటు నిలిచింది. రచయితలు ఆ పత్రిక చుట్టూ, పాఠకులు ఆ రచయితల చుట్టూ చేరారు. రాజధాని కాని ఊరు అలా ఆ దేశపు సైన్స్ ఫిక్షన్‌కి ఇల్లయింది.

మన దగ్గర కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు, ఒక లెక్కల మాస్టారు, తెలుగు కథలన్నీ ఒకచోట ఉండాలని 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో మొదలుపెట్టారు. ఆ పని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో జరగలేదు, ఇక్కడ జరిగింది. తెలుగులో వచ్చిన సైన్స్ ఫిక్షన్ కథల్ని వెతికి ఒక జాబితా తయారుచేయాలంటే మొదటగా వెళ్లాల్సిన చోటు మన ఊళ్లోనే ఉంది. ఆ జాబితా పనే మన మొదటి సమావేశం ఎజెండా కావచ్చు.

మరాఠీవాళ్లు ఎప్పుడో దారి వేసుకున్నారు. మరాఠీ విజ్ఞాన పరిషత్ సైన్స్ కథల పోటీ పెట్టింది. 1974లో జయంత్ నార్లికర్ అంతటి శాస్త్రవేత్త మారుపేరుతో కథ పంపి బహుమతి గెలుచుకున్నారు. ఆయనెవరో తెలిసి ఇచ్చిన బహుమతి కాదు. మన పోటీ కూడా అలాగే ఉండాలి. కథల మీద పేర్లుండవు, నంబర్లుంటాయి. వచ్చినవాళ్లందరూ చదువుతారు, వచ్చినవాళ్లందరూ ఓటేస్తారు.

వేదిక వద్దు. కుర్చీలు గుండ్రంగా వేద్దాం. అందరూ సభ్యత్వం కడతారు, నాతో సహా. విద్యార్థులకి నామమాత్రం చాలు. ఒక చర్చకి నలుగురు, నలభై నిమిషాలు, తర్వాత ప్రశ్నలు. సాయంత్రం పాటలు కూడా ఉండాలి. పాశ్చాత్య అభిమానులు తమ సమావేశాల్లో సైన్స్ ఫిక్షన్ మీద సొంత పాటలు కట్టి పాడుకుంటారు, ఫిల్క్ అంటారు. మనకి జముకుల కథ ఉంది, తప్పెటగుళ్లు ఉన్నాయి. చంద్రయాన్ మీద ఒక జముకుల కథ వినాలని నాకు ఎంత ఆశగా ఉందో చెప్పలేను. ఒక ఏడాది శ్రీకాకుళం, ఇంకో ఏడాది విజయనగరం. ఏది ముందన్నది సభ్యులే తేల్చుకోవాలి.

"ముఖ్య అతిథి ఎవరండీ?" అని ఇప్పటికే ఇద్దరు ముగ్గురు అడిగారు. ఎవరూ లేరు. ఆ ఖర్చుతో పాలకొండ, టెక్కలి, ఇచ్ఛాపురం నుంచి వచ్చే పిల్లలకి బస్ చార్జీలిద్దాం. డిసెంబర్‌లో ఒక ఆదివారం పెడితే ఎండ బాధ ఉండదు, పరీక్షల టెన్షన్ కూడా ఇంకా మొదలవదు. పొద్దున్న తొమ్మిదిన్నరకి మొదలుపెట్టి, పాటలతో కలిపి నాలుగింటికల్లా ముగించాలి. దూరం నుంచి వచ్చిన ఆడపిల్లలు చీకటి పడకముందే ఇల్లు చేరాలి.