బోన్‌హామ్ దరువు గ్రిడ్‌లో పట్టదు

ఇంగ్లండ్‌లో వూస్టర్‌షైర్ ప్రాంతంలో రషాక్ అని ఒక చిన్న పల్లె. అక్కడి చర్చి పక్కనున్న ఒక సమాధి దగ్గర డ్రమ్ కర్రలు, సింబల్స్ అనే కంచు పళ్ళేలు పేర్చి ఉంటాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన అభిమానులు పెట్టిపోతారు. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్పెలిన్ డ్రమ్మర్ జాన్ బోన్‌హామ్ సమాధి అది. 1980 సెప్టెంబర్ 25న, 32 ఏళ్ళకే పోయాడు. ఏటా ఆ తేదీ వచ్చిందంటే అవే మాటలు మళ్ళీ తిరుగుతాయి: అంత గట్టిగా కొట్టినవాడు ఇంకొకడు లేడు, మనిషి కాదు పిడుగు, ఒక్క పూటలో అంత తాగాడు, హోటల్ గదుల్లో ఇంత గోల చేశాడు.

నాకిది నచ్చదు. ప్రేమతోనే అంటున్నారు, కాదనను. కానీ గట్టిగా కొట్టేవాళ్ళు ఊరికి పదిమంది దొరుకుతారు. బోన్‌హామ్‌ని అలా గుర్తుపెట్టుకుంటే అసలు సంగతి జారిపోతుంది. దెబ్బ ఎక్కడ వెయ్యాలో, అంతకంటే ముఖ్యంగా ఎంతసేపు ఆగి వెయ్యాలో తెలిసిన మనిషి అతను. ఆ ఆగడాన్నే ఇవాళ్టి సంగీతంలోంచి మనం చేతులారా ఊడ్చేస్తున్నాం. నా బాధంతా దాని గురించే.

తాగుడు సంగతి ఒక్క మాటలో ముగిస్తాను. చనిపోయే ముందురోజు రిహార్సల్‌కి వెళ్తూ మొదలుపెట్టి రాత్రిదాకా తాగుతూనే ఉన్నాడు, దాదాపు నలభై పెగ్గుల వోడ్కా అని విచారణలో తేలింది. ఇంటికి దూరంగా టూర్లు తిరగడం పడని మనిషి కథ అది. చెప్పుకుని మురిసిపోవడానికి అందులో ఏమీ లేదు.

పాటల్లోకి వెళ్దాం. 1975లో వచ్చిన జెప్పెలిన్ పాట 'కశ్మీర్' వినండి. గిటార్ మూడేసి లెక్కలో తిరుగుతూ పైకి పాకుతుంటుంది, కింద డ్రమ్స్ నాలుగేసి లెక్కలో నడుస్తుంటాయి. కచేరీలు వినే అలవాటున్నవాళ్ళు వెంటనే పట్టేస్తారు, తిశ్రం మీద చతురశ్రం, పన్నెండు మాత్రలకోసారి రెండూ వచ్చి ఒకచోట కలుస్తాయి. ఇంకో డ్రమ్మరైతే ఆ గిటార్ వెంటపడి పరిగెత్తేవాడు, మలుపు మలుపుకీ తన పనితనం చూపించేవాడు. బోన్‌హామ్ కదలడు. ఆ మొండితనం వల్లే పైన గిటార్ అంతలా తేలుతున్నట్టు అనిపిస్తుంది. 'బ్లాక్ డాగ్'లో కూడా అంతే, బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించే జాన్ పాల్ జోన్స్ కట్టిన ఆ వరస పాములా మెలికలు తిరుగుతుంటే ఇతను తన నడక తను నడుస్తాడు. 'స్టెయిర్‌వే టు హెవెన్'లో అయితే నాలుగు నిమిషాలు దాటేదాకా అసలు డ్రమ్సే ఉండవు. పిడుగు లాంటివాడన్నారు కదా, ఆ పిడుగు నాలుగు నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చుంది, ఆ తర్వాత వచ్చి పాటని కొంచెం కొంచెంగా వేగం పెంచుకుంటూ తీసుకెళ్ళింది. 1979 నాటి 'ఫూల్ ఇన్ ద రెయిన్'లో స్నేర్ అనే డ్రమ్ము మీద చెవికి ఆనీ ఆనని చిన్న చిన్న తాకిళ్ళు వినిపిస్తాయి. అమెరికన్ డ్రమ్మర్ బెర్నార్డ్ పర్డీ నడక అది, దాన్ని శ్రద్ధగా విని తన చేతిలోకి తెచ్చుకున్నాడు. ఇది బలంతో అయ్యే పని కాదు.

ఇక 'వెన్ ద లెవీ బ్రేక్స్'. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్క పాటలో ఉంది. హాంప్‌షైర్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనం, 18వ శతాబ్దం చివర్లో పేదల కోసం కట్టిన ఆశ్రమం. బ్యాండ్ అక్కడ మకాం పెట్టి, బయట రికార్డింగ్ వ్యాన్ నిలబెట్టుకుని నాలుగో ఆల్బమ్ పని చేసింది. డ్రమ్ కిట్‌ని తీసుకొచ్చి హాల్లో మెట్ల కింద పెట్టారు. ఒక్కో డ్రమ్ముకీ దగ్గరగా మైకు పెట్టడం మానేసి, ఇంజినీర్ ఆండీ జాన్స్ మెట్ల పైనుంచి రెండంటే రెండు మైకులు వేలాడదీశాడు. మీరు ఆ పాటలో విని గుండె అదిరిందనుకునే శబ్దంలో సగం బోన్‌హామ్‌ది, సగం ఆ ఇంటిది. దెబ్బ పైకప్పు దాకా వెళ్ళి, గోడలకు తగిలి, కిందికి దిగివచ్చేదాకా అతను తర్వాతి దెబ్బని పట్టుకుని ఉంచాడు. ఒక్కసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని దెబ్బలు వదిలేసి, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉన్న సందుని మాత్రమే వినండి. అందులో గాలి కదులుతుంటుంది. ఆ పాట అసలు వరద పాట, 1927లో మిసిసిపీ నది కట్టలు తెంచుకున్నప్పటి కష్టం మీద 1929లో బ్లూస్ గాయకులు కాన్సస్ జో మెక్కాయ్, మెంఫిస్ మిన్నీ మొదట రికార్డు చేసినది. నీళ్ళు పొంగడానికి తొందర ఉండదు, అలాగని ఎవరూ ఆపలేరు. బోన్‌హామ్ దరువు కూడా అచ్చం అలాగే నడుస్తుంది.

1986లో అమెరికా ర్యాప్ బృందం బీస్టీ బాయ్స్ ఆ దరువుని కోసి తమ పాటకి పునాదిగా వేసుకున్నారు. 1995లో ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ వాడుకుంది. ఆ తర్వాత ఎంతమంది వాడారో. మెషీన్లతో ఎలాంటి దరువైనా పుట్టించగలిగిన రోజుల్లో కూడా జనం ఈ మెట్ల కింది శబ్దం కోసమే ఎందుకు వచ్చారు? కావలసిన ప్రాణం మెషీన్‌లో దొరకలేదు కాబట్టి.

బోన్‌హామ్ పోయిన 1980లోనే రెండు యంత్రాలు మార్కెట్లోకి వచ్చాయి. ఒకటి రోజర్ లిన్ తయారుచేసిన ఎల్ఎం-1, నిజమైన డ్రమ్ముల శబ్దాల్ని పొట్టలో పెట్టుకున్న డ్రమ్ మెషీన్. రెండోది రోలాండ్ కంపెనీ టీఆర్-808. ఈ రెండిటికీ అతని చావుకీ సంబంధం ఏమీ లేదు, అయినా నా మనసులో ఆ ఏడాదికి ముందు ఒక కాలం, తర్వాత ఒక కాలం. లిన్ యంత్రంలో ఇంకో సౌకర్యం ఉండేది, మనిషి కాస్త ముందో వెనకో నొక్కిన దెబ్బని తీసుకెళ్ళి లెక్క ప్రకారం ఉండాల్సిన చోట పెట్టేది. ఇవాళ ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ అదే పని మౌస్‌తో అయిపోతుంది. తెర మీద గళ్ళు ఉంటాయి, దాన్ని గ్రిడ్ అంటారు. డ్రమ్మర్ వాయించింది గళ్ళలో పడకపోతే క్వాంటైజ్ అని ఒక్క నొక్కు నొక్కుతారు, అన్నీ వరసలో నిలబడతాయి. బోన్‌హామ్ స్నేర్ గీత మీద కాకుండా గీతకి రవ్వంత వెనక పడినట్టుండే చోట్లున్నాయి, ఆ రవ్వంతలోనే అతను ఉన్నాడు. గ్రిడ్‌కి అది తప్పు.

మన దగ్గర ఏం జరిగిందో చూడండి. ఒకప్పుడు చెన్నైలో హాలు నిండా వాద్యకారులు కూర్చుని తెలుగు పాటల్ని ఒకే టేక్‌లో వాయించేవాళ్ళు. తబలా తప్పినా, గాయకుడు తప్పినా మళ్ళీ మొదటి నుంచీ. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, ఒకరి ఊపిరితో ఒకరు నడిచేవాళ్ళు. కాలప్రమాణం అనే మాట మన సంగీతంలో ఊరికే పుట్టలేదు, అది గడియారం ఇచ్చేది కాదు, వాయించే నలుగురూ కలిసి మోసేది. ఇప్పుడు డప్పు కూడా శాంపిలే, అంటే ఒకసారి రికార్డు చేసి మళ్ళీ మళ్ళీ అతికించే ముక్కే. పెళ్ళి పాటలో, జాతర పాటలో, చివరికి ఉద్యమ పాటలో సైతం పదిమంది డప్పులు ఒకే మనిషి కొట్టినట్టు ఒకే చోట పడతాయి. నిజంగా పదిమంది డప్పు కొడుతుంటే విన్నవాళ్ళకి తెలుసు, అది ఎప్పుడూ అలా ఉండదు, ఆ చిన్న చిన్న తేడాల్లోంచే ఒళ్ళు జలదరించే ఊపు వస్తుంది.

దీనికి జవాబుంది, నాకు తెలుసు. చేతిలో డబ్బుల్లేని కుర్రాడు తన గదిలో కూర్చుని పాట కట్టగలుగుతున్నాడంటే ఈ యంత్రాల వల్లే. అమెరికన్ గాయకుడు ప్రిన్స్ లాంటివాడు అదే లిన్ మెషీన్‌తో గొప్ప పాటలు చేశాడు. నిజమే, ఒప్పుకుంటాను. యంత్రాన్ని యంత్రంలా వాయిస్తే నాకు ఏ అభ్యంతరమూ లేదు. మనిషి వాయించినదాన్ని తీసుకుని యంత్రంలా దిద్దడం దగ్గరే నా గొడవ.

ఒక మనిషి కాలప్రమాణం స్థానంలో ఇంకొకరిది తెచ్చి పెట్టలేమని జెప్పెలిన్ వాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. అమెరికా టూర్ ముందుంది, డబ్బుంది, డ్రమ్మర్లు క్యూ కట్టేవాళ్ళు. అయినా 1980 డిసెంబర్ 4న ఒక చిన్న ప్రకటన ఇచ్చి ఆపేశారు, మునుపటిలా కొనసాగలేమన్నారు. 1985లో లైవ్ ఎయిడ్ అనే సహాయ కచేరీలో టోనీ థాంప్సన్, ఫిల్ కాలిన్స్ ఇద్దరూ కలిసి వాయించినా ఆ కచేరీ కుదరలేదు, దాన్ని అధికారికంగా విడుదల చెయ్యడానికి బ్యాండ్ ఒప్పుకోలేదు. ఇద్దరూ గొప్ప డ్రమ్మర్లే, చేతకాకపోవడం కాదు. 2007 డిసెంబర్ 10న లండన్‌లో మళ్ళీ పూర్తి కచేరీ చేసినప్పుడు డ్రమ్స్ వెనక కూర్చున్నది బోన్‌హామ్ కొడుకు జేసన్. అప్పుడు కుదిరింది. 2025లో థియేటర్లకొచ్చిన డాక్యుమెంటరీలో పాత టేపులో దొరికిన బోన్‌హామ్ గొంతు వినిపిస్తుంది, అది వింటున్న బ్యాండ్‌లోని మిగతా ముగ్గురి ముఖాలు చూస్తే ఆ ప్రకటన ఎందుకిచ్చారో వేరే చెప్పక్కర్లేదు.

మా పిన్ని కొడుకు హైదరాబాద్‌లో డ్రమ్స్ వాయిస్తాడు. ఆ మధ్య ఒక స్టూడియోలో పాటకి వాయించి వచ్చాడు, పాట విడుదలయ్యాక విని నాకు ఫోన్ చేశాడు. "అన్నా, అది నేను వాయించినట్టు లేదే" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, అయోమయంగా అన్నాడు. దిద్దకముందు టేక్ వాడి ఫోన్‌లో ఉంటే పంపమన్నాను. నిన్న రాత్రి రెండూ పక్కపక్కన పెట్టి విన్నాను. రెండో చరణం ముందు వాడు స్నేర్ మీద ఒక్క క్షణం ఆలస్యం చేశాడు, పాడే అమ్మాయి ఊపిరి తీసుకునేదాకా ఆగాడు. విడుదలైన పాటలో ఆ దెబ్బ ముందుకు జరిగి ఆమె ఊపిరి మీద పడుతోంది.

1970లో వచ్చిన మూడో జెప్పెలిన్ ఆల్బమ్‌లో 'సిన్స్ ఐ హావ్ బీన్ లవింగ్ యూ' అని ఒక నెమ్మది పాట ఉంది. అందులో బోన్‌హామ్ కాలి కింద పెడల్ కిర్రు కిర్రుమంటూ పాట పొడుగునా వినిపిస్తుంది. నూనె వెయ్యలేదు, వాళ్ళు తీసెయ్యలేదు. మా వాడికి రాత్రి ఆ పాట పంపి, కిర్రుమనే చోట్లు వెతుక్కోమన్నాను. పొద్దున లేచేసరికి పదకొండు దొరికాయని మెసేజ్ పెట్టాడు, ఇంకా వింటున్నాడట.