పిల్లలకు సెలవులిచ్చి మిద్దెకు తాళం వేస్తే ఎలా?

రాష్ట్రమంతా సెలవుల్లో ఉన్నప్పుడు డ్యూటీలో ఉండే ఊరు తిరుపతి. దసరా సెలవులొస్తే బ్రహ్మోత్సవాల రద్దీ, ఎండాకాలం సెలవులొస్తే అలిపిరి నుంచి బస్టాండు దాకా యాత్రికులే. 2020 నుంచి వైకుంఠ ద్వార దర్శనం పది రోజులు ఉంటోంది. 2025లో అది జనవరి 10న మొదలై 19 దాకా సాగింది. భోగి, సంక్రాంతి, కనుమ మూడూ అందులోనే వచ్చాయి. టీటీడీ ఉద్యోగికి, ఆర్టీసీ డ్రైవరుకు, స్విమ్స్, రుయా ఆసుపత్రుల్లో పనిచేసే నర్సుకు, పోలీసుకు, లాడ్జి మేనేజరుకు సరిగ్గా అప్పుడే లీవు దొరకదు.

అమ్మకో నాన్నకో డ్యూటీ ఉంటే పాకాలకో పుత్తూరుకో అవ్వగారి ఊరికి పోవడం కుదరదు. పిల్లలు ఫ్లాట్‌లోనే ఉండిపోతారు. తిరుచానూరు రోడ్డు, అవిలాల, కరకంబాడి రోడ్డు వైపు లేచిన అపార్ట్‌మెంట్లలో ఇలాంటి ఇళ్లు కొల్లలు. జూపార్కు, అలిపిరి దగ్గరి సైన్స్ సెంటరు, చంద్రగిరి కోట, తలకోన అన్నీ మంచివే. కానీ ఎవరైనా తీసుకుపోతే కదా! అందుకే ఈ ఊళ్లో పిల్లల పండగ అపార్ట్‌మెంటు గేటు లోపలే జరగాలని నేను గట్టిగా అంటాను. దానికి పెద్దగా డబ్బు అక్కర్లేదు. చోటు కావాలి.

ఆ చోటు మన దగ్గర ఉంది. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ఉమ్మడి స్థలాలు ఏవో చెబుతూ సెల్లార్లు, మిద్దెలు (టెర్రస్‌లు), పార్కులు, ఆట స్థలాలను పేరుపేరునా రాసింది. మరి జరుగుతున్నదేమిటి? మిద్దె తాళంచెవి సెక్రటరీ దగ్గర ఉంటుంది, అడిగితే ‘వాటర్ ట్యాంకులున్నాయి, పిల్లలొద్దు’ అంటారు. సెల్లార్‌లో బంతి కారుకు తగిలితే ఆ రాత్రికే వాట్సాప్ గ్రూపులో పంచాయితీ. అద్దెకుండేవాళ్ల పిల్లలైతే ఇంకా లోకువ. నెలనెలా మెయింటెనెన్స్ వాళ్లూ కడుతున్నారన్న సంగతి అప్పుడు ఎవరికీ గుర్తుండదు.

ఏడాదంతా తాళం వేసి పండగ నాడు మాత్రం ఈవెంటు వాళ్లను పిలుస్తారు. యాంకరు, డీజే, తంబోలా, ముగ్గులపోటీ, చివర్లో బఫే. అందులో కష్టపడేవాళ్లను నేను తప్పు పట్టను. కానీ పిల్లలను కుర్చీల్లో వరసగా కూర్చోబెట్టి చూపించేదాన్ని ఆట అని ఎలా అంటాం? రెండు గంటల్లో సౌండు బాక్సులు లారీ ఎక్కుతాయి, మర్నాటికి పిల్లల చేతిలో మళ్లీ ఫోనే.

మా వీధిలోని ఒక అపార్ట్‌మెంటులో మొన్నటి సంక్రాంతికి వేరేగా చేశారు. సాయంత్రం నాలుగింటికి ఉన్న కార్లను వీధిలోకి తీసి పెట్టారు. డ్యూటీకి పోయిన బండ్ల చోటు ఎటూ ఖాళీనే. రెండో అంతస్తు అవ్వ ఒకామె సుద్దముక్కతో నేలమీద పులిజూదం గీసి, చింతగింజలను మేకలుగా, గులకరాళ్లను పులులుగా పెట్టింది. ఆరో తరగతి పిల్లాడు గబగబా మేకలు పోగొట్టుకుని, ‘ఇంకొక్క ఆట అవ్వా’ అని ఆమె కొంగు పట్టుకున్నాడు. పక్క స్తంభం దగ్గర ఆడపిల్లలు అచ్చంగాయలు, ఆవల ఏడు పెంకులాట. పెంకులు కూడా మిద్దె మీద మిగిలిపోయిన టైల్సు ముక్కలే. ఎనిమిదింటికి కార్లు మళ్లీ లోపలికి వచ్చాయి. ఎవరి జేబులోంచీ రూపాయి పోలేదు.

భోగిమంట విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. సెల్లార్‌లో పెట్రోలు బండ్లుంటాయి, ఇప్పుడు ఎలక్ట్రిక్ స్కూటర్ల చార్జింగూ అక్కడే. మంట గేటు బయటే వేయాలి. ఇటుకలు పరిచి, వాటిమీద ఇసుక పోసి, చిన్నగా, కట్టెలూ పిడకలతోనే. పాత ప్లాస్టిక్ కుర్చీలు, టైర్లు అందులో పడేస్తే ఆ పొగంతా పై అంతస్తుల్లోని పసిపిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గాలిపటాలకు మిద్దె తాళం తీయండి, కానీ ఇద్దరు పెద్దలు పిట్టగోడ దగ్గర నిలబడాలి, దారం నూలుదే కావాలి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. ఇక మైకులు రాత్రి పదికి ఆపేయాలన్నది చట్టమే, చర్చ అక్కర్లేదు.

ఎండాకాలం సెలవులు ఇంకా పెద్దవి, జూన్ రెండో వారం దాకా. పగలు ఎండకు బయట అడుగు పెట్టలేం కాబట్టి సెల్లార్ నీడే పిల్లలకు దిక్కు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తుంది. ఒంటికి సుద్ద పూసుకుని బైరాగి వేషం, కుంకుమతో బండ వేషం, బొగ్గుపొడితో తోటి వేషం. పిల్లలే నడివీధిలో వేషగాళ్లయ్యే ఇలాంటి పండగ మరెక్కడుంది? పాతూరి వీధుల్లో ఇంటింటా పిల్లలకు వేషాలు కడుతుంటే, అపార్ట్‌మెంటు పిల్లలు వాటిని రీల్సులో చూస్తున్నారు. లిఫ్టుకు మరకలవుతాయని జంకేవాళ్లకు నాదొక్క మాట: సెల్లార్ కుళాయి దగ్గరే వేషం కట్టించండి, తిరిగొచ్చాక అక్కడే నీళ్లు పోయండి. ఈ ఊరి పిల్లలకు ఈ ఊరి జాతర దక్కకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది.

వాచ్‌మన్ కుటుంబం సంగతి ఎవరూ ఎత్తరు. వాళ్లలో ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చినవాళ్లే. చిత్తూరు పల్లెల్లో కనుమ అంటే పశువుల పండగ. ఆవుల కొమ్ములకు రంగులు పూయడం, సాయంత్రం చిట్లాకుప్ప మంట, రంగంపేట వైపయితే జల్లికట్టు. ఆ రోజు వాళ్లు మన గేటు దగ్గర కూర్చుని ఉంటారు. వాళ్ల పిల్లలు మీటర్ల గది పక్కనుంచి మన పిల్లల ఆట చూస్తుంటారు, పిలిస్తే తప్ప రారు. ఆటకు వాళ్లను పేరుపెట్టి పిలవాలి. కనుమ రోజు ఆ కుటుంబానికి జీతం కోయకుండా సెలవివ్వాలి. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా ఎనిమిది ఫ్లాట్ల వాళ్లు తలా రెండు గంటలు గేటు దగ్గర కూర్చుంటే సరిపోతుంది. మోటారు ఎప్పుడు వేయాలో, ట్యాంకు ఎప్పుడు నిండుతుందో ముందురోజే అడిగి రాసుకోండి. వాచ్‌మన్ సెలవునూ, గేటు దగ్గరి వంతులనూ సంక్రాంతికి నెల ముందు జరిగే అసోసియేషన్ మీటింగులోనే తీర్మానం చేసి, పేర్లతో సహా నోటీసు బోర్డులో పెట్టాలి.